నూటికి నూరు

విమానము కూలినదన్న వార్త వచ్చిన మరునాడు పత్రికలలో తఱచుగా నొక మాట కనబడును: ఇంజను చెడినది. ఆ మాటతో చదువరి నిట్టూర్చి పుట త్రిప్పును. ఇంజను మనుష్యుడు కాదు. దానిని నిలదీసి యడుగుటకు వీలులేదు, శిక్షించుటకు అంతకన్నను వీలులేదు. కావున యంత్రముపై మోపిన తప్పు ఎవరి తప్పును గాక తుదకు విధివిలాసముగా మారిపోవును. ప్రభుత్వములకును, సేనాధికారులకును ఇంతకంటె సుఖమైన సమాధానము వేఱొకటి లేదు. కాని యంత్రము చెడినను తనంతట తా నెగురదు. దానిని చూచినవారు, చూడవలసియు చూడనివారు, చూచియు చూడనట్లుండినవారు, ఎగురుమని యాజ్ఞ యిచ్చినవారు, ఇందఱి చేతులు దాటిన పిమ్మట గాని చెడిన ఇంజను ఆకాశమున కెక్కదు. ఈ సత్యమును 2018వ సంవత్సరమున అమెరికా దేశమున జరిగిన యొక ప్రమాదము స్పష్టముగ చూపుచున్నది. ఆ వృత్తాంతము దూరదేశపుదే యైనను, అందలి ప్రశ్న మనది కూడ నగుటచే పాఠకుల ముందుంచుచున్నాము.

ఆ యేడు మే నెల 2వ తేదీన జార్జియా రాష్ట్రమందలి సవానా విమానాశ్రయము నుండి నాలుగు ఇంజనుల సైనిక రవాణా విమాన మొకటి పైకి లేచెను. అది హెర్క్యులిస్ అను పేర ప్రసిద్ధమైన సీ-130 జాతికి చెందినది; సేనలను, సరకులను మోయుటకు పుట్టిన జాతి. అందులోను తుపానుల జాడ తీయుటకై సవరింపబడిన డబ్ల్యుసీ-130హెచ్ అను రకము. దాని వయస్సు అర్ధశతాబ్దమునకు పైమాట. అందున్నవారు తొమ్మండుగురు, ఐదుగురు విమానమును నడుపు సిబ్బంది, నలుగురు వెంట పోవుచున్నవారు. అందఱును పోర్టోరికో ద్వీపపు జాతీయ రక్షక వైమానిక దళము వారే. వారు పోవుచుండినది ఆరిజోనా మరుభూమిలోని డేవిస్-మాంథన్ స్థావరమునకు. కొలువు చాలించిన సైనిక విమానములను వరుసలు తీర్చి నిలుపు చోటది. అనగా ఆ విమానమునకు అదియే కడపటి ప్రయాణముగా ఏర్పఱుపబడినది. ముసలియెద్దును గోశాలకు తోలుకొని పోవునట్లు దానిని విశ్రాంతికి చేర్పబోయిరి. చేర్పబోయినవారే దానితో గతించిరి. నేల విడిచిన స్వల్పకాలములోనే అది 21వ నంబరు రాజమార్గముపై తలక్రిందుగా కూలి మంటలపాలయ్యెను. తొమ్మండుగురిలో నొక్కరును మిగులలేదు. పట్టపగలు, బండ్లు తిరుగు బాట. అట్లయ్యును బాటసారులలో నెవ్వరును మరణింపకుండుట యొక్కటియే ఆనాటి యదృష్టము.

ఏమి జరిగెను? ఎడమరెక్క చివరి వైపున నుండు ఇంజనునకు ఒకటవ ఇంజనని పేరు. ఈ రకపు విమానములలో ఇంజను పెద్ద పంకాను త్రిప్పును. ఆ పంకా గాలిని కోసికొనుచు విమానమును ముందునకు లాగును. పంకా వేగ మెల్లప్పుడును ఒక్క తీరుననే యుండవలెను. రెక్కల వాలు మార్చుటచేత మాత్రమే లాగుడు బలము హెచ్చుచు తగ్గుచు నుండును. నేలపై పరుగిడుచున్నప్పుడే ఒకటవ ఇంజను వేగము తడబడెను. అప్పుడే ప్రయాణము మానుకొని విమానమును నిలిపివేయవలసినది, నిలుపలేదు. పైకి లేచిన పిమ్మట ఆ ఇంజను శక్తి కోల్పోయెను. నాలుగింటిలో నొకటి పోయినను మిగిలిన మూటితో నెగిరి, తిరిగి దిగగల శక్తి ఆ విమానమునకు కలదు. అందులకు వలసిన పనులు వరుసగా వ్రాసియుంచబడినవి. సిబ్బందికి అవి నేర్పబడియే యుండును. కాని ఆ పనులు పూర్తిగా జరుగలేదు.

పాఠకులకు సుబోధకమగుటకు మన యూరి బండినే తలంచుకొందము. జోడెడ్లలో ఎడమ యెద్దు చతికిలబడినచో కుడియెద్దు బలమున బండి ఎడమకే మొగ్గును. తెలిసిన తోలరి దానిని కుడికి మలపజూచును గాని, ఎడమ పగ్గము లాగడు. ఇచ్చట ఆకాశమున జరిగిన దందులకు విరుద్ధము. చెడిన ఇంజనున్న ఎడమవైపునకే విమానమును త్రిప్పిరి. తోకయందలి చుక్కానిని కూడ ఎడమకే, తొమ్మిది డిగ్రీలకు మించి మరల్చిరి. వేగమా, మూడు ఇంజనులతో విమానము చెప్పుచేతలలో నుండుటకు వలసిన దానికంటె తక్కువ. విమానము ప్రక్కకు జారెను. ఎడమరెక్క గాలిపై పట్టు వీడెను. నేల సమీపమున నున్నందున సర్దుకొనుటకు వ్యవధి లేకపోయెను.

ఇంతవఱకు విన్నవారు తప్పు నడపినవారిదే యందురు. అమెరికా వైమానిక దళపు విచారణాధికారులును ప్రధాన కారణముగా దానినే వ్రాసిరి. 2018 నవంబరులో వెలువడిన వారి నివేదిక యంతటితో ముగిసినచో, ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోవును. ఆ నివేదిక ఇంకొక మెట్టు వెనుకకు పోయినది. ఆ విమానము సవానాకు వచ్చి నెల కావచ్చెను. ఇంధనపు తొట్ల మరమ్మతునకై అది వచ్చినది. వచ్చునప్పుడే ఒకటవ ఇంజను వేగము సరిగా లేదని సిబ్బంది గుర్తించిరి. తిరుగు ప్రయాణమునకు ముందు మరమ్మతుదారులు దానిని నడపి చూచిరి. వేగము నూటికి నూరుపాళ్లు అందవలెనని నియమము. దానిని సూక్ష్మముగ కొలుచుటకు ప్రత్యేకమగు కొలమానము కలదు. వారు దానిని వాడక, విమానములోని మామూలు ముల్లునే నమ్ముకొనిరి. వేగము నూరునకు కొంచెము లోపుగనే నిలిచినను, లోపము తీరినదని తృప్తిపడిరి. వ్యాధి నిర్ణయింపబడలేదు, చికిత్స జరుగలేదు, రోగి స్వస్థుడని చీటి మాత్రము వ్రాయబడెను. మరమ్మతుదారుల యీ లోపము గూడ ప్రమాదమునకు ముఖ్యముగ తోడ్పడినదని నివేదిక నిస్సంకోచముగ పలికినది.

నూటికి నూరునకును, దాని లోపు కొంచెమునకును భేదమెంత? బజారులో బియ్యము కొనునప్పుడు గింజలంత. పరీక్షలో విద్యార్థికి గర్వకారణమగు నంత. కాని తొమ్మండుగురు మనుష్యులను మీదికెక్కించుకొని నేల విడుచు యంత్రమున ఆ కొంచెమే జీవితమునకును మరణమునకును నడుమనున్న గీత. సరిపోవునులే యన్న మాట మన నోట ఎంత తేలికగా వచ్చునో యందఱ మెఱుగుదుము. కాలువగట్టు కట్టినవాడు, రైలుపట్టా చూచినవాడు, మందుసీసాపై చీటి యంటించినవాడు ఈ మాట పలికినప్పుడు, ఎక్కడనో ఎవరికో మృత్యుపత్రము వ్రాయబడుచుండును. వ్రాసినవానికి తాను వ్రాసినట్లు తెలియదు. అందుచేతనే అది ఘోరము.

ఇక రెండవ ప్రశ్న. అర్ధశతాబ్దము దాటిన విమానము పోర్టోరికో వారి కేల దక్కెను? విచారణాధికారులు తమ తుది నిర్ణయమున విమానపు వయస్సును కారణముగ చేర్పలేదు. సరిగా పోషింపబడిన పాతవిమానము నిరపాయముగ నెగురవచ్చు ననుటయు నిజమే. కాని ఆ ద్వీపపు జాతీయ రక్షకదళాధిపతి ఇసబెలో రివేరా ప్రమాదము జరిగిన వెంటనే పలికిన మాట మఱువరానిది. జాతీయ రక్షకదళమున మిక్కిలి పాతవిమానములు తమ ద్వీపము వారివే యనియు, అది నేడు క్రొత్తగా తెలిసిన సంగతి కాదనియు నాతడు చెప్పెను. క్రొత్తగా తెలిసినది కాదట! తెలిసియు మార్పలేని దానిని గూర్చి యధికారియే యిట్లు పలుకవలసివచ్చుట యే జాతికి సంభవించును? ఆ జాతి చరిత్రము నొకసారి చూడవలెను.

పోర్టోరికో 1898లో స్పెయిను చేతినుండి అమెరికా చేతికి మారెను. మార్చినవారు ఆ ద్వీపవాసుల నడుగలేదు. 1917 మార్చిలో అమెరికా కాంగ్రెసు వారికి పౌరసత్వ మిచ్చెను. మరుసటి నెలలోనే అమెరికా ప్రపంచయుద్ధమున దిగెను. పౌరులైనవారు నిర్బంధ సైన్యసేవకును అర్హులైరి. 1952లో వారికి స్వంత రాజ్యాంగ మేర్పడెను. అయినను ఆ ద్వీపమున నివసించువారికి అమెరికా అధ్యక్షుని ఎన్నుకొను హక్కు నేటికిని లేదు. ప్రతినిధిసభకు వారు పంపు ప్రతినిధి మాటాడవచ్చును గాని, సభ తుదినిర్ణయమున వోటు వేయరాదు. ఎవని యాజ్ఞచే తాము యుద్ధమునకు పోవుదురో వాని నెన్నుకొనలేరు. తమ విమానములకు ధనము కేటాయించు సభలో చేయి యెత్తలేరు. కొరియా యుద్ధమున వారి 65వ పదాతిదళము చూపిన శౌర్యమునకు కాంగ్రెసు స్వర్ణపతక మిచ్చుటకు 2014లో గాని చట్టము కాలేదు. రక్తపు లెక్కలో వారు పూర్తి పౌరులు. ధనపు లెక్కలో, వోటు లెక్కలో కారు. ఇదియును నూటికి నూరు కాని లెక్కయే.

కూలిన విమానమే సాక్ష్యము. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను వచ్చినప్పుడు బ్రిటిషు వర్జిను దీవులలో చిక్కుకొనిన యమెరికనులను గట్టెక్కించినది ఈ విమానమే. అదే నెల 20వ తేదీన మరియా తుపాను పోర్టోరికోను నేలమట్టము చేయగా, అన్నపానములకై యలమటించు ద్వీపవాసులకు సరకులు మోసినదియు నిదియే. ఆ తుపానునకు బలియైనవారు 64గురని మొదట ప్రభుత్వము లెక్క చెప్పెను. జార్జి వాషింగ్టను విశ్వవిద్యాలయపు పరిశోధన వెలువడిన పిమ్మట, 2018 ఆగస్టులో ఆ లెక్క 2,975గా దిద్దబడెను. నోరులేని జాతికి శవములు కూడ సరిగా లెక్కింపబడవని యిందువలన తెలియుచున్నది. అట్టి జాతికి పాతవిమానము దక్కుటలో నాశ్చర్యమేమి?

ఇది చదువుచున్న భారతీయునకు తన పూర్వచరిత్ర జ్ఞప్తికి రాకుండునా? 1939 సెప్టెంబరులో రాజప్రతినిధి లిన్‌లిత్‌గో ప్రభువు మన నాయకుల నొక్కరినైన నడుగక భారతదేశము యుద్ధమున దిగినదని ప్రకటించెను. కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా లిచ్చినవి. అట్లయ్యును ఆ యుద్ధము ముగియునాటికి ఇరువదియైదు లక్షల భారతీయులు సైన్యమున చేరిరి. వారి కెట్టి బట్ట, ఎట్టి తుపాకి, ఎట్టి బండి యియ్యవలెనో నిర్ణయించినవారు మన మెన్నుకొనినవారు కారు. నాడు మన జాతీయవాదులు పలికిన మాట యొక్కటే: ప్రాణమిచ్చువానికి ప్రశ్నించు హక్కుండవలెను. 1947లో ఆ హక్కు మనకు వచ్చినది. పోర్టోరికో వారికి లేని వోటు మనకున్నది. ప్రశ్న యేమన, ఆ హక్కును మనము వాడుకొనుచున్నామా?

2016 జూలై 22వ తేదీ యుదయమున మన వైమానిక దళపు ఏఎన్-32 రవాణా విమానము చెన్నై చెంత తాంబరమునుండి పోర్టుబ్లెయిరునకు బయలుదేరి, బంగాళాఖాతముపై నదృశ్యమయ్యెను. అందున్నవారు 29 మంది. వారిలో ఎనమండుగురు మన విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధాగారమున పనిచేయువారు. తుపాకి పట్టిన సైనికులు కారు, కొలువునకై పోయిన ఉద్యోగులు. ఆ కుటుంబములు ఏడేండ్లకు పైగా సముద్రము వైపు చూచుచు గడపినవి. 2024 జనవరిలో గాని ప్రభుత్వము, చెన్నై తీరమునకు సుమారు 310 కిలోమీటర్ల దూరమున, 3,400 మీటర్ల లోతున, ఆ విమానపు శకలములు కనబడినవని ప్రకటింపలేదు. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వారి జలాంతర్గామి యంత్రము ఛాయాచిత్రములు తీసి జాడ తెలిపినది. ఆ కార్యమునకు మన శాస్త్రజ్ఞులను అభినందింపవలసినదే. సవానా విమానమునకును దీనికిని ప్రమాదకారణ మొక్కటి యని మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుట యన్యాయము. మేము చూపునది వేఱొక భేదము. సవానాలో మరణించినవారి కుటుంబములు ఆఱు నెలలు తిరిగి వచ్చుసరికి, ఏ ఇంజను, ఏ కొలమానము, ఏ చేయి, ఏ క్షణము అను వివరములతో కూడిన నివేదికను చదువగలిగినవి. ఆ కుటుంబములే కాదు, ప్రపంచమెల్లయు చదువగలిగినది.

మనదేశమున సైనిక విమానము కూలినచో కోర్టు ఆఫ్ ఎంక్వయిరీ యను విచారణసంఘ మేర్పడును. ఆ సంఘము శ్రద్ధతో పనిచేయుననుటలో మాకు సందేహము లేదు. కాని దాని నివేదిక సామాన్యముగ వెలుగు చూడదు. 2021 డిసెంబరు 8వ తేదీన కూనూరు చెంత కూలిన హెలికాప్టరులో త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్ మొదలగు పదునలుగురు అసువులు బాసిరి. విచారణ ఫలితముగా ప్రజలకు లభించినది సంగ్రహమగు నొక పత్రికా ప్రకటన. 2024 డిసెంబరులో పార్లమెంటు రక్షణ స్థాయీసంఘపు నివేదికలో ఆ ప్రమాదమునకు ఎదురుగ కారణమను గడిలో వ్రాయబడినది, సిబ్బంది మానవ దోషమని. అంతటి సేనాపతి మరణమునకే ఇంతటి వివరణ యైనచో, పేరులేని సిపాయి మాట చెప్పవలెనా?

ఇందులకు సమాధానముగ దేశరక్షణ రహస్యములను ముందుంచువారు కలరు. వారి భయము వట్టిది కాదు. శత్రువు చెవియొగ్గి యుండుట నిజము. సాక్ష్యమిచ్చు వైమానికుడు శిక్షకు జంకి సత్యమును దాచుట కూడ సంభవమే. కాని ఈ రెండు భయములకును అమెరికనులు మార్గము కనుగొనిరి. వారు గొప్ప ప్రమాదములపై రెండు విచారణలు జరుపుదురు. మొదటిది రక్షోపాయములకు సంబంధించినది. అందు చెప్పిన మాటలు గోప్యములు, అవి యెవరిని శిక్షించుటకును వాడబడవు. రెండవది ప్రజలకొఱకు; దాని నివేదిక బహిరంగముగ ప్రకటింపబడును. సవానా వృత్తాంతము మనకు తెలిసినది ఆ రెండవదాని వలననే. ప్రపంచమున మిక్కిలి బలమైన సేన గలవారు తమ లోపములను తామే యచ్చొత్తించి పంచియు బలహీనులు కాలేదే! మనకేల యా భయము?

మనదేశముననే పౌరవిమానముల విషయమున ఈ న్యాయము అమలులో నున్నది. 2012లో ఏర్పడిన విమాన ప్రమాద పరిశోధన కార్యాలయము తన నివేదికలను ప్రకటించుచున్నది. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదున కూలిన విమానమును గూర్చిన ప్రాథమిక నివేదిక సరిగా నెల తిరుగునప్పటికి ప్రజలచేతికి వచ్చినది. టిక్కెట్టు కొని యెక్కినవాని మరణమునకు నివేదిక కలదు. దేశమున కొఱకు ఎక్కినవాని మరణమునకు లేదు. ఇది యే ధర్మశాస్త్రపు తూనిక?

నేడు మనము సైనిక రవాణా విమానములను మన గడ్డపైననే నిర్మించుకొన నారంభించితిమి. సీ-295 విమానములకై 2021లో ఒడంబడిక జరిగినది. మొత్తము 56, అందు 40 ఇచ్చటనే తయారగునవి. వడోదరలోని నిర్మాణశాల 2024 అక్టోబరులో ప్రారంభింపబడెను. హైదరాబాదులోని కార్మికుల చేతులు దాని దేహభాగములను కూర్చుచున్నవి. స్వదేశీ వ్రతము పట్టిన జాతికి ఇది పండుగయే. కాని స్వదేశీయన యంత్రము మనదగుట మాత్రమే కాదు. యంత్రము చెడినప్పుడు జవాబుదారితనము కూడ మనదగుట. విదేశపు యంత్రము కూలినప్పుడు విదేశీయుని నిందింపవచ్చును. రేపు మన చేతి యంత్రమునకు లోపము కలిగినచో మనలను మనమే యడుగుకొనవలెను. అడుగుట నేర్చుకొనని జాతి నిర్మించుటయు చిరకాలము నేర్వజాలదు.

కావున మేము కోరునది మూడు మాటలు. సైనిక విమాన ప్రమాదములపై ప్రజలకొఱకు వేఱు విచారణ జరిపి, రహస్యములగు భాగములను తొలగించి, దాని నివేదికను నియమితకాలములో పార్లమెంటు ముందుంచవలెను. మరణించినవారి కుటుంబములకు ఆ నివేదికను వారి మాతృభాషలో వారి యింటికి చేర్పవలెను. నివేదికలో చూపబడిన లోపములు సవరింపబడినవో లేదో ఏడాది తిరిగిన పిమ్మట ప్రభుత్వము తెలుపవలెను. ఇందేదియు సేనకు హానికరము కాదు; విమానమున కాలిడు ప్రతి సైనికునకు ధైర్యమిచ్చునదియే.

మన జిల్లాలనుండి పార్లమెంటునకు పోయిన ప్రతినిధు లున్నారు. రాబోవు సమావేశములలో ఈ ప్రశ్నను వారు వేయవలెను. వారిచే వేయింపవలసినవారు వోటర్లు. గ్రంథాలయమున ఈ పత్రిక చదువు ప్రతి సోదరుడును తన ప్రతినిధికొక కార్డు వ్రాయుట కష్టమైన పని కాదు. పోర్టోరికో వారు వ్రాసిన కార్డునకు వోటుబలము లేదు. మన కార్డునకు కలదు. నూటికి తొంబదితొమ్మిది పాళ్ల స్వాతంత్ర్యము కొఱకు మన పెద్దలు చెఱసాలలకు పోలేదు. మిగిలిన యా యొక్క పాలు అడిగి సంపాదించుకొనవలసినవారము మనము.